సైకిలు చైను సంరక్షణ



మోటారు వాహనములు ఎంత పెరిగినను, మన గ్రామములలో సైకిలు నేటికిని పనిచేయుచునే యున్నది. పాలకేంద్రమునకు క్యాను మోయుట, బాలికలు ఉన్నత పాఠశాలకు పోయివచ్చుట, పొలమునకు ఎరువు చేర్చుట దానిమీదనే జరుగుచున్న ఇండ్లు ఇప్పటికిని గలవు. లావు టైర్లు, గేర్లు గల కొండదారుల సైకిళ్లు కూడ ఈ మధ్య మన పిల్లల చేతికి వచ్చినవి. సైకిలు ఏదైనను టైరుకు గాలి కొట్టుట అందరకు గుర్తుండును. చైను సంగతి మాత్రము, నడిదారిలో తెగిననాడు గాని గుర్తురాదు. దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

చైను చూచుటకు ఒకే వస్తువువలె కనబడును గాని, అది సుమారు నూరు చిన్న కీళ్ల వరుస. ప్రతి కీలులో ఒక పిన్ను, దాని చుట్టు ఒక సన్నని గొట్టము, ఆ గొట్టముపై తిరుగు రోలరు, ఇరుప్రక్కల రేకులు ఉండును. ఈ అమరికకు 1880లో ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. నేటి గేర్ల సైకిలు చైనులో గొట్టమునకు బదులు రేకుల అంచులనే లోపలికి మలచుదురు. తక్కిన పద్ధతి అదియే. చైను పళ్ల చక్రము నెక్కునపుడు, దిగునపుడు ప్రతి పిన్ను తన గొట్టములో కొద్దిగా తిరుగును. అరుగుదల జరుగునది అక్కడ. కాబట్టి నూనె చేరవలసినదియు అక్కడనే. పైరేకులకు తుప్పు పట్టకుండ పలుచని పొర చాలును. అంతకు మించి పైన నిలిచిన నూనె దారిలోని దుమ్మునంతయు పిలిచి కూర్చుండబెట్టును.

మనవారిలో ఒక అలవాటు కలదు. చైను కిర్రుమనగానే, మోటారు సైకిలునుండి తీసిన నల్లని పాత ఆయిలు తెచ్చి ధారగా పోయుదురు. చప్పుడు ఆ పూటకు ఆగును. చైను నల్లగా నిగనిగలాడుచున్నదని మురిసిపోవువారు కూడ కలరు. కాని ఆ ఆయిలులో ఇంజను అరుగగా రాలిన లోహపు రజను ముందే యున్నది. దానికి దారిలోని ఇసుక తోడై, సానరాతి పొడివంటి ముద్ద తయారగును. అది పిన్నులను లోలోపల తినివేయును. "చైను సాగినది" అని మనము అనుచుందుము. నిజమునకు రేకులు సాగలేదు. పిన్నులు తలా కొంచెము అరుగగా, ఆ అరుగుదల అంతయు కలిసి చైను పొడవు పెరిగినది.

1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు సైకిలు చైనును ప్రయోగశాలలో పరీక్షించిరి. అన్నియు అనుకూలించినపుడు త్రొక్కిన శక్తిలో నూటికి 98 పాళ్లకు పైగా వెనుక చక్రమునకు అందుట వారు చూచిరి. వింత యేమనగా, నూనె ఉన్నను లేకున్నను అక్కడ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అయితే అది దుమ్ము లేని చోట జరిగిన పరీక్ష. కీళ్ల సందులలో తాను నిండియుండి దుమ్మును లోనికి రానీయకుండుటయే నూనె చేయు పని కావచ్చునని ఆ పరిశోధకులు తలచిరి. ట్రాక్టర్లు తిరుగు మన డొంకలలో దుమ్మునకు కొదవ లేదు గదా!

ఇక పని సంగతి. సైకిలును స్టాండు వేసి నిలిపి, కొంగు, చున్నీ, పంచె అంచు దోపుకొనవలెను. క్రింది వరుసను నడుమ పాత నూలుగుడ్డతో పట్టుకొని, పెడలును వెనుకకు మెల్లగా త్రిప్పుచు తుడువవలెను. పళ్ల చక్రము దగ్గరకు గుడ్డను పోనీయరాదు. గుడ్డ కొన పంటిలో చిక్కినచో వ్రేలును కూడ లాగికొనిపోవును. ఒకరు త్రిప్పుచు వేరొకరు తుడుచునపుడు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఇంట పసిపిల్లలున్నచో వారిని దూరముగ నుంచవలెను.

ముద్ద గట్టిపడి యున్నచో, పాత పళ్ల బ్రష్షును కిరసనాయిలులో గాని డీజిలులో గాని ముంచి రుద్దవలెను. పెట్రోలు పనికిరాదు, దాని ఆవిరి దూరముననున్న నిప్పును కూడ అందుకొనును. ఏది వాడినను పొయ్యికి, బీడీకి దూరముగ ఆరుబయట వాడవలెను. బోరు పంపు ధారక్రింద సైకిలును కడుగుట కూడ మంచిది కాదు. ఆ నీరు ఇరుసులలోని గ్రీసులోనికి చొచ్చును. కిరసనాయిలుతో కడిగి అట్లే వదలుట సగము పని. లోపల మిగిలిన నూనె కూడ కడుగుకొని పోయియుండును గనుక, చైను బాగుగ ఆరిన వెంటనే నూనె వేయవలెను.

కుట్టుమిషను నూనె వేసవికి సరిపోవును. వానకాలమున డబ్బాలోని క్రొత్త ఇంజను ఆయిలు ఎక్కువ నాళ్లు నిలుచును. వంటనూనెలు కొన్నాళ్లకు బంకయగును. క్రింది వరుస లోపలివైపున, ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క బొట్టు వేయుచు పోవలెను. చైను అంతటికి ఒక చిన్న చెంచాడు చాలును. కొన్ని నిమిషములు త్రిప్పి, కొంతసేపు ఆగి, పైనున్న నూనెనంతయు పొడిగుడ్డతో తుడిచివేయవలెను. ఈ చివరి పనిని చాలమంది విడిచిపెట్టుదురు. ఇది చేయనిచో ముందు పడిన శ్రమ వృథా. చక్రపు అంచుమీదను, క్రొత్త సైకిళ్ల డిస్కు బ్రేకు పళ్లెముమీదను ఒక్క బొట్టు కూడ పడరాదు. పడినచో బ్రేకు పట్టదు.

ఎన్నాళ్లకొకసారి అని అడుగుదురు. వానలో తడిసినను, నల్లరేగడి బురదలో నడిచినను ఆ సాయంకాలమే తుడువవలెను. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి తుప్పు త్వరగ పట్టును. తక్కినచోట్ల చైను చప్పుడే చెప్పును.

అరుగుదలను టేపుతో కొలువవచ్చును. క్రొత్త చైనులో పిన్నుకు పిన్నుకు అర అంగుళము గనుక, 24 ఎడములకు సరిగా 12 అంగుళములుండును. అది పదహారవవంతు అంగుళము పెరిగినచో చైను మార్చవలెను. ఎనిమిదవవంతు పెరుగువరకు ఆగినచో ఫ్రీవీలు పళ్లు కూడ అరిగి, క్రొత్త చైను వాటిమీద నిలువక జారును. అప్పుడు రెండును కొనవలసివచ్చును. చైను లాకు బిగించునపుడు, పై వరుసలో దాని మూసిన కొన సైకిలు ముందువైపునకు ఉండునట్లు చూడవలెను.

వాడిన కిరసనాయిలును కాలువలో గాని, బోరు దగ్గర గాని పారబోయరాదు. డబ్బాలో కదలక ఉంచినచో మడ్డి అడుగునకు దిగును. పైతేటను మరల వాడుకొనవచ్చును. కూల్‌డ్రింకు సీసాలో మాత్రము పోయవలదు. నీళ్లనుకొని పసిపిల్లలు త్రాగుట మన ఇండ్లలో క్రొత్త కాదు. రేకు డబ్బాలో పోసి, మూత బిగించి, అటకమీద పెట్టవలెను.