సర్కారు ఎవరి దిక్కు? అమెరికా చరిత్ర చెప్పే ముచ్చట

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికాలో ఉన్న కొడుకు ముచ్చటో, బిడ్డ ముచ్చటో మన వాడకట్టుల్లో రోజూ వింటనే ఉంటం. జీతం సంగతి, వీసా సంగతి మాట్లాడుకుంటం. అక్కడి సర్కారు ఎట్ల పుట్టింది, ఎట్ల మారింది అన్నది మాత్రం మాట్లాడుకోం. "అమెరికాలో సర్కారు దేంట్లో వేలు పెట్టదు, అందుకే బాగుపడ్డది" అని మనకు పాఠం చెప్పేటోళ్లు మస్తుమంది. సర్కారు కొలువులు తగ్గించాలన్నప్పుడల్ల ఈ మాటనే ముందుకొస్తది. ఇందులో నిజమెంతో చూద్దాం.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నప్పుడు వాళ్లకు రాజు పాలన యాది పోలేదు. అందుకే కేంద్రానికి లెక్కపెట్టి అధికారాలిచ్చిండ్రు. కేంద్రానికి ఇయ్యనివన్నీ రాష్ట్రాలవి, లేదంటే ప్రజలవి అని 1791లో పదో సవరణ చెప్పింది. కేంద్రం గట్టిగుండాలని హామిల్టన్, వద్దని జెఫర్సన్ వాదులాడుకున్నరు. అదే జెఫర్సన్ అధ్యక్షుడైనంక 1803లో ఫ్రాన్స్ దగ్గర లూసియానా ప్రాంతాన్ని కొన్నడు. అట్ల కొనే అధికారం రాజ్యాంగంలో ఉన్నదా అని ఆయనకే అనుమానం. అయినా కొన్నడు.

రాష్ట్రాల హక్కులు అన్న మాట మన చెవులకు ఇంపుగుంటది. కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం కదా. అక్కడ ఆ మాటకు ఇంకో చరిత్ర ఉన్నది. దక్షిణాది భూస్వాములు బానిసత్వాన్ని కాపాడుకునేటందుకు దాన్ని అడ్డం పెట్టుకున్నరు. పారిపోయిన బానిసలను పట్టి అప్పజెప్పాలంటే మాత్రం వాళ్లకే 1850లో గట్టి కేంద్ర చట్టం కావాల్సి వచ్చింది. అక్కెరకు తగ్గట్టు వాదన మారింది.

1861 నుంచి 1865 దాక అంతర్యుద్ధం నడిచింది. ఆ యుద్ధం నడుమనే, 1862లో, సర్కారు సాగు చేసుకునేటోళ్లకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే చట్టం చేసింది. కాలేజీలకు, రైలు కంపెనీలకు కూడ భూములిచ్చింది. ఆ భూమి ఎక్కడిది? మూలవాసుల నుంచి గుంజుకున్నది. సర్కారు చెయ్యి లేకుండనే అమెరికా ఎదిగిందంటే ఎట్ల నమ్మాలె?

యుద్ధం తర్వాత 13, 14, 15 సవరణలు బానిసత్వాన్ని రద్దు చేసి, పౌరసత్వం, ఓటు హక్కు రాసిచ్చినయ్. 1877లో కేంద్రం దక్షిణాదిలో తన సైన్యాన్ని పక్కకు జరిపింది. ఆ తర్వాత రాష్ట్రాల చట్టాలు, గుంపుల దాడులు కలిసి నల్లవాళ్ల ఓటును మింగేసినయ్. సర్కారు తప్పుకున్న జాగ ఖాళీగుండదు, బలమున్నోడు వచ్చి కూసుంటడు.

ఉద్యోగ మిత్రులకు ఒక కేసు చెప్త. బేకరీ కార్మికులతో రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటల కన్న ఎక్కువ పని చేయించొద్దని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. 1905లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒప్పందం చేసుకునే స్వేచ్ఛకు అది అడ్డమట! ఆకలితో ఉన్నోనికీ, బేకరీ యజమానికీ ఒక్కతీరు స్వేచ్ఛ ఉన్నట్టు.

1929లో మార్కెట్ కూలింది. 1933 నాటికి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. అప్పుడు రూజ్‌వెల్ట్ సర్కారు 1935లో వృద్ధాప్య పింఛన్, సంఘం పెట్టుకునే హక్కు, 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం తెచ్చింది. ఇవి పుణ్యానికి రాలేదు. 1936-37లో ఫ్లింట్‌లో కార్ల కార్మికులు 44 రోజులు ఫ్యాక్టరీలోనే కూసొని సమ్మె చేసిండ్రు. అయితే 1935 పింఛన్ చట్టం నుంచి వ్యవసాయ కూలీలను, ఇండ్లల్లో పనిచేసేటోళ్లను బయటనే ఉంచిండ్రు. దక్షిణాదిలో ఆ పనుల్లో ఎక్కువ ఉన్నది నల్లవాళ్లే.

విద్యార్థి మిత్రులారా, 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు బడికి పోతుంటే రాష్ట్ర గవర్నర్ బలగాలను పెట్టి ఆపిండు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపి వాళ్లను బడిలోకి తోలిచ్చిండు. 1965లో సెల్మాలో ఊరేగింపు మీద లాఠీలు ఆడినయ్, అదే ఏడు ఓటు హక్కు చట్టం వచ్చింది. మనోళ్ల కథ కూడ ఆ ఏడాదితోనే ముడిపడ్డది. 1923లో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చిన దేశం, 1965లో వలస చట్టం మార్చింది. మన ఇంజనీర్లు, డాక్టర్లు పోయిన తొవ్వ అదే.

1981లో రీగన్ సర్కారే అసలు సమస్య అన్నడు. అదే ఏడు సమ్మె చేసిన 11 వేలకు పైగా విమాన నియంత్రణ ఉద్యోగులను కొలువుల నుంచి తీసేసిండు. సైన్యం ఖర్చు మాత్రం పెంచిండు. 2008లో బ్యాంకులు మునిగితే 70 వేల కోట్ల డాలర్ల పథకం ఆగమేఘాల మీద తయారైంది. ఓటు హక్కు చట్టంలోని గట్టి భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనికి రాకుండ చేసింది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిండ్రు. ఒక్క సంతకంతో మన ఇండ్లల్లో నిద్ర పోయింది.

సర్కారు చిన్నగుండాల్నా, పెద్దగుండాల్నా అని ఎవరన్న అడిగితే, ఎవరి పనికి పెద్దగ, ఎవరి పనికి చిన్నగ అని ఎదురడగుండ్రి. ఢిల్లీ అయినా, హైదరాబాద్ అయినా, వాషింగ్టన్ అయినా అడగాల్సింది అదే. కొట్లాడి గెలుచుకున్నది కూడ కావలి లేకపోతే చేజారుతది. ఆ కావలి పని మనదే.