వంగిన వెన్నును చూచిన ప్రభువు
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: లూకా 13:10–17, 1 తిమోతి 5:23



ఈ దినము ఇద్దరిని జ్ఞాపకము చేసికొందాము. మొదటి వ్యక్తి, విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వచ్చిన స్త్రీ. పదునెనిమిది ఏండ్లుగా ఆమె నడుము వంగిపోయి యున్నది. బాగుచేయమని ఆమె అడిగినట్లు లూకా వ్రాయలేదు. ప్రభువే ఆమెను చూచాడు, పిలిచాడు, ఆమెపై చేతులుంచాడు. నీవేమి పాపము చేసితివని ఆయన అడుగలేదు. అందరి ఎదుట ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు.

ఆమె జబ్బు పేరు లేఖనము చెప్పలేదు. మన సంఘాలలో మాత్రము వెన్నెముక ప్రక్కకు ఒరిగి మెలిక తిరిగినవారు ఉన్నారు. దీనిని వైద్యులు స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు గాని అంతకు మించి గాని ఉంటే ఈ పేరు పెడతారు. ఎదిగే వయసు పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. ఎక్కువమందిలో కారణము తెలియదు. బడి సంచి మోసినందుకు రాదు, గ్రహణము వలన రాదు, తల్లిదండ్రుల పాపము వలన రాదు. కనుక ఆ బిడ్డను గూనిదని పిలిచే నోటిని అదుపులో పెట్టుకొందాము.

ప్రియులారా, బయటకు కనబడేది వెన్ను, కనబడనిది కడుపు. చిన్న వంపు ఉన్న చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. వంపు బాగా పెరిగినప్పుడు ప్రక్కటెముకలు క్రిందికి దిగి, పొట్టలో చోటు ఇరుకౌతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పుల్లని త్రేన్పులు, గుండెల్లో మంట, మలబద్ధకము వెంట వస్తాయి. బిగుతుగా బ్రేసు కట్టుకొన్నవారికి కూడా ఈ ఇబ్బంది కలుగవచ్చు.

ఇటువంటి సహోదరి ప్రేమవిందులో కొంచెము తిని లేచిపోతే, మా వంట నచ్చలేదా అని నొచ్చుకోకండి. కొసరి కొసరి వడ్డించడమే ప్రేమ అని మనము నేర్చుకొన్నాము. ఆమెకు మాత్రము చిన్న గిన్నెలో చోడి అంబలి, రెండు మూడు గంటల తరువాత మరికొంచెము, అదే ప్రేమ. తిన్న వెంటనే పడుకొనకుండుట మంచిది. ఉపవాస కూటములలో ఆమెను బలవంతము చేయవద్దు. మాత్రలు మ్రింగేవారు పస్తుండుట ప్రమాదము కావచ్చును.

మరొక మాట. వెన్ను నొప్పికని దుకాణములో మాత్రలు కొని నెలల తరబడి మ్రింగేవారున్నారు. వాటిలో చాలా మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి. ఉద్దానములో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదిపిందో మీకు చెప్పనక్కరలేదు. దాని మూలము ఇంకా పూర్తిగా తేలలేదు గాని, నొప్పి మాత్రల హాని మాత్రము తేలిన సంగతే. అలాగే కడుపు బాధ అంతా వెన్ను వలననే అనుకోవద్దు. మలము నల్లగా వచ్చినా, రక్తము కక్కినా, మ్రింగుట కష్టమైనా, బరువు తగ్గిపోతున్నా ఆలస్యము చేయక వైద్యుని చూడండి.

ఇది అవిశ్వాసము కాదా అని కొందరు అడుగుతారు. అందుకే రెండవ వ్యక్తిని చూద్దాము. యౌవనుడైన తిమోతికి కడుపు జబ్బు, తరచుగా బలహీనత. ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన చేతిరుమాళ్ళు తెచ్చి వేస్తే రోగులు బాగుపడ్డారు. అదే పౌలు తిమోతికి చేతిరుమాలు పంపలేదు. కడుపు కొరకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని సలహా వ్రాశాడు. అది ఆనాటి మందు. త్రాగుడుకు సాకు కాదు. నీకు విశ్వాసము చాలదని పౌలు అతనిని గద్దించలేదు. జబ్బుతోనే తిమోతి సంఘమును కాచాడు. ఒకరిని ప్రభువు వెంటనే నిలబెట్టాడు, మరొకరిని మందుతో, సహనముతో నడిపించాడు. ఇద్దరూ ఆయన ప్రియులే.

తల్లిదండ్రులారా, పదేండ్లు దాటిన మీ బిడ్డను రెండు చేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనుకనుండి చూడండి. వీపు ఒక ప్రక్క ఎత్తుగా ఉంటే శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రులలోని ఎముకల వైద్యులకు గాని, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో గాని చూపించండి. ఆడపిల్లలలో వంపు పెరిగే అవకాశము ఎక్కువ. పెండ్లి కాదని భయపడి దాచవద్దు. ఎదిగే కాలమే బ్రేసు పనిచేసే కాలము. 2013లో వెలువడిన అమెరికా, కెనడా ఆసుపత్రుల పరిశోధనలో, బ్రేసు ధరించినవారిలో నూటికి 72 మందికి వంపు శస్త్రచికిత్స అవసరమయ్యే స్థాయికి చేరలేదు. ధరించనివారిలో 48 మందికే అలా జరిగింది. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్‌కు కూడా ఈ వంపు ఉన్నదని ఆ బిడ్డకు చెప్పండి.

సంఘపెద్దలారా, మందిరములో చాప మీద కూర్చోలేనివారికి ఒక కుర్చీ వేయండి. వెనుక మూలను కాదు, అందరి మధ్యను. ఆ స్త్రీని ప్రభువు పిలిచింది అందరి ఎదుటికే గదా!

వెన్ను వంగిన నా సహోదరీ, సహోదరుడా, నీవు తల ఎత్తి ఆయనను చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడు. ప్రార్థించు, మందు వాడు, సిగ్గుపడకు.

ప్రార్థన చేసికొందాము: పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి నొప్పితో ప్రక్క మార్చుకొనుచున్న నీ బిడ్డలకు నిద్ర దయచేయుము. వైద్యుల చేతులను దీవించుము. మా నాలుకలను మృదువు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.