పొగడ్తకూ ఎం-బుక్ ఉండాలి



ఈరోజు పట్టాలు అందుకున్న ఇంజనీర్లలో బంగారు పతకాలు తీసుకున్నవారికి ముందుగా నా అభినందనలు. ఈ పతకాల విషయంలో ఎవరికీ పేచీ ఉండదు. మార్కులున్నాయి, ర్యాంకులున్నాయి, కింద రిజిస్ట్రారు గారి సంతకం ఉంది. రేపటి నుంచి మీకు ఆ వెసులుబాటు ఉండదు. మన వృత్తిలో గొప్ప పని ఎవరు చేశారు, అందులో ఎవరి వాటా ఎంత అని తేల్చడం చాలా కష్టం. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినమని విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేసి, నలుగురికి శాలువాలు కప్పి, ఆ పని అయిపోయిందనుకుంటాం. శాలువాల మీద నాకు కోపం లేదు. నాకూ కప్పారు. ఎందుకు కప్పారో వేదిక మీదున్న ఎవరినైనా నిలదీసి అడిగితే చెప్పగలిగేవారా అన్నదే నా అనుమానం.

ఒక ఉదాహరణ చెబుతాను, మీలో రాయలసీమ పిల్లలకు ఈ సంగతి బాగా గుర్తుండి ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ క్రస్ట్ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 1953లో పూర్తయిన డ్యాము అది. మొత్తం 33 గేట్లు. జలాశయం అప్పటికి నిండుకుండ, వంద టీఎంసీలకు పైగా నీళ్లున్నాయి. ఆ నీళ్ల మీద కర్ణాటక రైతులతోపాటు ఎగువ కాలువ కింద అనంతపురం, దిగువ కాలువ కింద కర్నూలు, రాజోలిబండ కింద గద్వాల రైతులు ఆశ పెట్టుకుని ఉన్నారు. మామూలుగా అయితే నీటిమట్టం గేటు అడుగు దాకా దిగాలి, ఆ తర్వాతే కొత్తది బిగించాలి. అంటే నిల్వలో సగానికి పైగా నదిపాలు చేయాలి.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. ఉద్యోగం నుంచి ఎప్పుడో రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గర పడిన వయసు. పారే నీటిలోనే స్టాప్‌లాగ్, అంటే నీటికి అడ్డం పెట్టే పలక, దించుదామన్నారాయన. గేటు వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20 అడుగులు. ఆ ఉరవడిలో అంత పలకను ఒకేసారి దించడం కుదరదు కాబట్టి నాలుగేసి అడుగుల ఎత్తున ఐదు ముక్కలు చేయించారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో వెల్డర్లు, ఫిట్టర్లు వాటిని రోజుల్లోనే తయారు చేశారు. డ్యాము మీద క్రేన్ ఆపరేటర్లు, రిగ్గర్లు కింద హోరెత్తుతున్న నీటి మీద నిలబడి పనిచేశారు. 16న మొదటి ముక్క కూర్చుంది. మర్నాడు మిగతావి కూర్చుని ప్రవాహం ఆగింది. నెల తిరక్కముందే విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దేశాయి. అక్కడికీ కన్నయ్యనాయుడు గారినే పిలిచారు.

ఇది గొప్ప పని. పత్రికలు రాశాయి, ప్రభుత్వాలు మెచ్చుకున్నాయి, మెచ్చుకోవాలి కూడా. అయితే ఒక్క ఊహ చేసి చూడండి. ఆ గొలుసులో ఒక లింకు అరిగిపోతోందని కొన్నేళ్ల ముందే ఒక అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కనిపెట్టాడనుకోండి. ఎస్టిమేటు వేసి, పై ఆఫీసుల చుట్టూ తిరిగి, నిధులు మంజూరు చేయించి గొలుసు మార్పించాడనుకోండి. ఆగస్టు 10 రాత్రి ఏమీ జరిగేది కాదు. మర్నాడు పేపర్లో ఆ డ్యాము పేరే ఉండేది కాదు. ఆ ఏఈకి శాలువా దక్కేది కాదు. బాగానే ఉన్న గొలుసును ఎందుకు మార్చావని ఆడిట్ పేరా పడినా నేను ఆశ్చర్యపోను.

మన వృత్తిలో అత్యుత్తమ ఫలితం చాలాసార్లు ఏమీ జరగకపోవడమే. దాన్ని ఫొటో తీయలేం, రిబ్బను కత్తిరించి ప్రారంభించలేం. అందుకే విరిగినదాన్ని అతికించినవాళ్లు మనకు కనిపిస్తారు, విరగకుండా చూసినవాళ్లు కనిపించరు. కన్నయ్యనాయుడు గారి గొప్పతనాన్ని ఇది తగ్గించదు. మన చూపు ఎక్కడ ఆగిపోతోందో మాత్రం చెబుతుంది.

సివిల్ వాళ్లకు ఎం-బుక్ గురించి చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచీల పిల్లల కోసం చెబుతున్నాను. మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కితేనే పని జరిగినట్టు, ఎక్కినంత మేరకే బిల్లు. పొడవు, వెడల్పు, లోతు, తేదీ రాయాలి. కొలిచినవాడు సంతకం పెట్టాలి. పై అధికారి వచ్చి కొంత భాగం మళ్లీ కొలిచి తన సంతకం పెట్టాలి. దిద్దుబాట్లు ఉంటే కొట్టేసి పొట్టి సంతకం చేయాలి, చెరపకూడదు. బస్తా సిమెంటుకు ఇన్ని లెక్కలడిగే మనం, పొగడ్త దగ్గరికొచ్చేసరికి కొలవడం మానేస్తాం. నోటికొచ్చినంత రాసేస్తాం, అదీ ఒక్కరి ఖాతాలోనే రాసేస్తాం.

హైదరాబాదు సంగతే చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచింది. వేల ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో విశ్వేశ్వరయ్య గారు వచ్చారు. నదికి ఎంత వాన నీరు ఎక్కడి నుంచి వస్తోందో లెక్కగట్టి, నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద వరదను ఆపే జలాశయాలు కట్టమన్నారు. ఆ ఏడాదే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. గండిపేటగా మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో ఇన్నేళ్లు రాళ్లు, సున్నం, కూలీలు, బడ్జెట్లతో కుస్తీ పట్టింది నిజాం ప్రజాపనుల శాఖ ఇంజనీర్లు. ఆ తరం పెద్దల్లో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఒకరు. మంజీరా మీద నిజాంసాగర్ ఆయన చేతి మీదుగా వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 11ని 2014 నుంచి తెలంగాణ తన ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది. సెప్టెంబరు 15, జులై 11 ఈ రెండు తేదీల్లో ఏది అసలైనదని వాదించుకునేవాళ్లను చూశాను. వాదన దేనికి? ఉపాయం చెప్పడం ఒక పద్దు, కట్టి నిలబెట్టడం ఇంకో పద్దు. రెండిటికీ పుస్తకంలో చోటుంది.

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని ఊరు అరుదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను నిలబెట్టిన మనిషికి ఆ కృతజ్ఞత న్యాయమే. ఈసారి ధవళేశ్వరం వెళ్తే వీణెం వీరన్న పేరున్న శిలాఫలకాన్ని కూడా వెతకండి. కాటన్ దగ్గర పనిచేసి, కూలీలను కూడగట్టి, ఆ తర్వాత రాయబహదూర్ బిరుదు పొందిన తెలుగు ఇంజనీరు ఆయన. వలస పాలనలో కూడా ఒక కింది ఉద్యోగి పేరు రాతికెక్కింది. స్వతంత్రం వచ్చాక మన శిలాఫలకాల తీరు మీకు తెలిసిందే. శంకుస్థాపన చేసినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అయ్యాక, అన్నిటికన్నా కింద, నాలుగు వానలకు గడ్డి పెరిగితే కనపడకుండా పోయే చోట ఇంజనీరు పేరు ఉంటుంది. అదీ ఉంటే.

ఇప్పుడు మీ కాలానికి వస్తాను. 2025 జూన్ 6న చినాబ్ రైలు వంతెన ప్రారంభమైంది. నది నుంచి 359 మీటర్ల ఎత్తు, ఆర్చి పొడవు 467 మీటర్లు. ఆ మర్నాటి నుంచి ఒక తెలుగు పేరు దేశమంతా మోగింది: మాధవీలత గారు, బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యులు. ప్రకాశం జిల్లా పల్లెలో పుట్టి, కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్ చేసినావిడ. వంతెన వెనక ఉన్న మహిళ అని, అసాధ్యాన్ని సుసాధ్యం చేసిందని, అద్భుతం చేసిందని శీర్షికలు పెట్టారు. మనకు ఎంత ఆనందం! మన ఊరి పిల్ల, ఇంకేం కావాలి.

ఆవిడ ఏం చేశారో చూడండి. ఆ మాటలకు ఆధారం లేదని బాహాటంగా రాశారు. ప్రణాళిక, డిజైను, నిర్మాణం ఘనత రైల్వేది, ఆఫ్కాన్స్ సంస్థది అన్నారు. కొండవాలు జారకుండా పటిష్ఠం చేసే పద్ధతుల్లో, వాలు మీద పునాదుల డిజైనులో ఆ సంస్థకు సాయపడడం తన పాత్ర అని చెప్పారు. ఈ వంతెనకు పొగడ్త దక్కాల్సిన వేలమందిలో తాను ఒకరినని, అనవసరంగా తనను ప్రసిద్ధురాలిని చేయొద్దని కోరారు.

చాలామంది దాన్ని వినయం అన్నారు. నేనలా అనుకోవడం లేదు. అది లెక్క. ఆవిడ తన పనిని కొలిచి, ఉన్నంతే రాసి, సంతకం పెట్టారు. చూడగలిగితే ఆ చిన్న పాత్రలోనే పెద్ద విషయం ఉంది. అక్కడి రాయి సర్వేలో అనుకున్నట్టు లేదు. తవ్వేకొద్దీ పగుళ్లు, బోలుతనం బయటపడేవి. అందువల్ల ఒకసారి గీసిన డిజైనుకు కట్టుబడకుండా, రాయి చూపించినదాన్ని బట్టి ఎప్పటికప్పుడు డిజైను మార్చుకుంటూ పోయారు. దాని మీద ఆవిడ ఒక పరిశోధన పత్రమే రాశారు. ‘అద్భుతం’ అని శీర్షిక పెట్టినవాళ్లలో ఎంతమంది ఈ సంగతి రాశారు? ఎక్కువగా పొగిడినప్పుడు జరిగే అసలు నష్టం ఇదే. చేసిన పని కనపడకుండా పోతుంది.

ఇంజనీరింగుకు నోబెల్ లేదని నొచ్చుకునేవాళ్లున్నారు. పక్కదారిన వస్తూనే ఉంది లెండి. పగలు ఆరిపోయి రాత్రి తనంతట తాను వెలిగే లైట్‌హౌస్ గ్యాస్ దీపానికి 1912లో డాలెన్ అనే స్వీడన్ ఇంజనీరుకు భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. 2000లో జాక్ కిల్బీకి ఇచ్చారు, ఎవరి వాటా ఎంతన్న సంగతి అక్కడా వచ్చింది. 1958లో ఒకే అర్ధవాహకం ముక్క మీద మొత్తం సర్క్యూట్ చేసి చూపినవాడు కిల్బీ. కొద్ది నెలల తేడాతో ఇంకో కంపెనీలో రాబర్ట్ నోయిస్ అదే ఆలోచనను ఫ్యాక్టరీలో తయారీకి పనికొచ్చే తీరులో సాధించాడు. పేటెంటు కోసం కంపెనీలు కోర్టుకెక్కాయి. నోబెల్ వచ్చేనాటికి నోయిస్ పోయి పదేళ్లయింది. ఆయన బతికి ఉంటే ఈ బహుమతి ఇద్దరం పంచుకునేవాళ్లమని కిల్బీ చెప్పాడు. కోర్టులు ఏళ్లతరబడి తేల్చుకున్నదాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఈ హాల్లో సగం మంది ఆడపిల్లలే కనిపిస్తున్నారు కాబట్టి ఇంకొకరి గురించి చెప్పాలి. అయ్యలసోమయాజుల లలిత. మద్రాసులో తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల కూతురు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆయన అడిగితే ప్రిన్సిపాల్ చాకో గారు ఒప్పుకుని సీటిచ్చారు. 1943లో లలితతోపాటు సివిల్‌లో త్రేసియా, లీలమ్మ జార్జ్ పట్టాలు పుచ్చుకున్నారు. పట్టా కాగితం మగపిల్లల కోసమే అచ్చయి ఉంది. అందులో మగవారిని సూచించే మాట కొట్టేసి, ఆడపిల్లకు సరిపడేలా దిద్ది ఇచ్చారు. లలిత తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, భాక్రా నంగల్ విద్యుత్తు లైన్ల డిజైను మీద పనిచేశారు. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే వ్యక్తిగత హోదాలో వెళ్లారు. నేను ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో ఒక్క పాఠంలోనూ ఆమె పేరు వినలేదు.

గుర్తింపు ఎందుకు కావాలని అడిగితే నా జవాబు ఇక్కడుంది. లలిత గారికి పతకం ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ లైన్లలో కరెంటు పారింది. మద్రాసులోనో రాజమండ్రిలోనో ‘ఆడపిల్లకు ఇంజనీరింగ్ ఎందుకు’ అంటున్న తండ్రికి ఆమె పేరు చేరి ఉంటే, మీ అమ్మల్లో, అమ్మమ్మల్లో ఎంతమంది ఈ చదువు చదివేవారో! మా అమ్మాయి మీలా కావాలని చాలామంది తండ్రులు ఉత్తరాలు రాస్తున్నారని, అది సంతోషాన్నిస్తోందని మాధవీలత గారు కూడా అదే ప్రకటనలో రాశారు. కీర్తి వద్దన్నారు, ఆ ఉత్తరాలు మాత్రం వద్దనలేదు.

కంప్యూటర్ సైన్సు వాళ్లు నవ్వుకుంటున్నారు, కనిపిస్తోంది. మీకు ఏ లైను ఎవరు రాశారో తేదీతో సహా కమిట్ హిస్టరీలో ఉంటుంది. మాకంటే అదృష్టవంతులు. అయినా డెమో ఇచ్చినవాడికే ప్రమోషన్ వస్తుందట, మా అబ్బాయి చెబుతుంటాడు.

మీరు కూడా కొన్నేళ్లకు ఏదో ఒక అవార్డుకు పేర్లు పంపే కుర్చీలో కూర్చుంటారు. ఆ ఫారంలో ‘సాధించిన ఘనత’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏళ్లతరబడి ఒక్క బ్రేక్‌డౌన్ లేకుండా సబ్‌స్టేషన్ నడిపిన లైన్ ఇన్‌స్పెక్టర్ని రాయండి. గేటు తాళ్లకు క్రమం తప్పకుండా గ్రీజు పెట్టించిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని రాయండి. జట్టు పని అయితే జట్టు మొత్తాన్ని రాసి, ఎవరి వాటా ఏమిటో పక్కన విడివిడిగా చూపండి. రుజువు అడుగుతారు. లాగ్‌బుక్కు, తనిఖీ రిజిస్టరు జిరాక్సులు జత చేయండి, పేర్లు ఆ సంతకాల్లోనే దొరుకుతాయి. చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదని కమిటీ మొదటి ఏడాది తిప్పి పంపుతుంది. రెండో ఏడాది అదే ఫారం మళ్లీ పంపండి.