కిలొటోవా సరస్సుకు వెళ్లేముందు

సెలవులకు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల నుంచి ఈమధ్య కొత్తరకం ఉత్తరాలు వస్తున్నాయి. "అక్కణ్నుంచి ఈక్వడార్ వెళ్లి కిలొటోవా సరస్సు చూస్తాం. నాకు రోజూ వాకింగ్ అలవాటే, ఇబ్బందేమీ ఉండదుగా డాక్టరుగారూ?" అని. ఆ వాకింగ్ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

కిలొటోవా అండీస్ కొండల్లోని అగ్నిపర్వతం. సుమారు 800 ఏళ్ల కిందట పేలి, శిఖరం కూలి, 3 కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. అందులో నిలిచిన నీరే ఈ సరస్సు. ఖనిజాలు కరిగి ఉండటంతో ఎండలో ఆకుపచ్చగా మెరుస్తుంది. తప్పక చూడాల్సిన చోటే. కానీ గట్టు ఎత్తు 3,900 మీటర్ల పైచిలుకు, ఇంచుమించు మన అమర్‌నాథ్ గుహ అంత. విశాఖ తీరంలో పీల్చే ఊపిరిలో అందే ప్రాణవాయువులో మూడో వంతుకు పైగా అక్కడ తగ్గిపోతుంది.

నా దగ్గరికొచ్చే ఒక రిటైర్డు మాస్టారున్నారు. తిరుమల మెట్లు ఆగకుండా ఎక్కుతారు. రాత్రి ఈక్వడార్ రాజధాని క్విటోలో విమానం దిగి, తెల్లారగానే కూతురూ అల్లుడితో కలిసి గైడు వెంట సరస్సుకు వ్యానెక్కారు. గట్టు నుంచి నీటిదాకా దాదాపు 400 మీటర్ల దిగుడు, కాలు జారే ఇసుక దారి. అందరికన్నా ముందు దిగారట! పైకి రావడానికి కింద కంచర గాడిదలు అద్దెకుంటాయి. గైడు ఎక్కమంటే, "నాకెందుకు? నేను నడుస్తా" అన్నారు. సగం దారిలో తలపోటు. గట్టు చేరేసరికి వాంతి. బూటు లేసు ఊడితే ముడి వేయడానికి వేళ్లు ఆడలేదు. అయినా పొద్దున తిన్నది పడలేదనే అన్నారు. వ్యాను చాలా కిందికి దిగాకే తేరుకున్నారు. కథ పొడుగైంది, కానీ అసలు బాధ ఇదీ: నా దగ్గరికొచ్చి, "ఈసారి ఇంకాస్త ప్రాక్టీసు చేసి వెళ్తాను" అన్నారు. మాస్టారూ, మీ కాళ్లకేం లోటు లేదు, లోటు అక్కడి గాలిలో ఉంది! ఎంత నడిచినా అది తీరదు. గట్టివాళ్లే ముందు పరిగెత్తి ముందు పడిపోతారు.

క్విటో ఊరే 2,850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రెండు రోజులు ఉండి, ఒళ్లు అలవాటుపడ్డాకే బయల్దేరండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. బీపీ మాత్రలు మానొద్దు. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటానికి అసెటజోలమైడ్ అనే మాత్ర ఉంది, అది మీ డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడకపోతే ఆయనకు ముందే చెప్పండి. కర్పూరం వాసనతో ప్రాణవాయువు పెరగదమ్మా, దాన్ని దేవుడి దగ్గరే ఉంచండి.

తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి, ఎంత వాకింగ్ చేసేవాళ్లయినా సరే. గైడు దగ్గర దాచకండి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బును అక్కడివాళ్లు సొరోచే అంటారు. భాష రాకపోయినా తల పట్టుకుని ఆ ఒక్క మాట అంటే చాలు, ఏం చేయాలో గైడుకు తెలుసు.