ఆట పిల్లల హక్కు, హద్దు పెద్దల బాధ్యత
(కొలకలూరులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిపని ముగించుకొని చీకటిపడ్డాక ఇల్లు చేరే తల్లులను, గల్ఫ్‌లో కష్టపడే తండ్రులను నిందించడానికి మేము రాలేదు. పిల్లల చేతిలోని ఫోన్ గురించి కలిసి ఆలోచించడానికి వచ్చాము.

ఆట పిల్లల హక్కు. 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆ హక్కును గుర్తించింది. కనుక ఆటను నేరంగా చూడరాదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీని నిషేధించింది. మరుసటి ఏడాదే బీజీఎంఐ వచ్చింది. నిషేధం పెంపకానికి బదులు కాజాలదు.

ఎక్కువసేపు ఆడినంత మాత్రాన రోగం కాదు. ఆటపై అదుపు తప్పడం, చదువు, తిండి, స్నేహాలకన్న ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం: ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతకు చెప్పిన లక్షణాలివి. ఇవి కనిపిస్తే తిట్టడం, కొట్టడం మాని వైద్యుని సంప్రదించాలి.

మరి రోజూ చేయవలసిందేమిటి? ముందు బిడ్డ పక్కన కూర్చుని ఆ ఆటేమిటో చెప్పించుకుందాం. జట్టుగా ఆడేవాడు మధ్యలో వదిలితే తోటివారు ఓడిపోతారు. అందుకే “ఇప్పుడే ఆపు” అనకుండా “ఈ ఆటతో ఆపు” అందాం. చెల్లింపుల పిన్ పిల్లలకు చెప్పవద్దు. రాత్రి ఫోన్లన్నీ, మనవి కూడా, ఒకేచోట పెడదాం.

ఫోన్ తీసుకున్న చేతికి బంతి ఇవ్వాలి కదా! మన వీధులకు ఆటస్థలం, గ్రంథాలయం కావాలని పంచాయతీని అడుగుదాం. ఆడపిల్లలకూ అందులో సమాన చోటుండాలని అడుగుదాం.