బ్రతికుండగానే మోసిన నలుగురు

ఈ ఉదయము మార్కు సువార్త 2వ అధ్యాయములోని కపెర్నహూము సంగతిని జ్ఞాపకము చేసికొందాము. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. గుమ్మము దగ్గర సందు లేకపోతే ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా క్రిందికి దించారు. మన పల్లెల్లో నలుగురు మోశారంటే మనిషి పోయాడని అర్థము. వీళ్లు బ్రతికుండగానే మోశారు. ప్రభువు వారి విశ్వాసమును చూచాడని మార్కు వ్రాశాడు.

మన పల్నాటిలో అలా మోయవలసినవారు ఉన్నారు. కిడ్నీలు పాడైపోయి డయాలసిస్ మీద బ్రతుకుతున్నవారిని గూర్చి చెప్పుచున్నాను. కిడ్నీలు రాత్రింబగళ్లు చేసే పనిని ఒక యంత్రము సాధారణముగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు చేస్తుంది. చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టిన చోట రెండు సూదులు గుచ్చి, రక్తమును బయటకు తీసి, వడగట్టి, మరల లోపలికి పంపుతారు. దీనివలన రోగము పోదు. రెండు రోజులు గడుస్తాయి, అంతే. మళ్లీ వెళ్లాలి.

మాచర్ల వైపు నుండి నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లే ఒక మనిషి లెక్క వేయండి. తెల్లవారకముందే లేచి, గురజాల, పిడుగురాళ్ల మీదుగా బస్సు. నాలుగు గంటలు మంచము మీద. తిరిగి వచ్చేటప్పుడు నీరసము, పిక్కలు పట్టేయడము. ఒక్కడే రాలేడు గనుక భార్యో కొడుకో తోడు. మిరప కోతల రోజుల్లో ఇద్దరి కూలి పోతుంది. ఇది సంవత్సరానికి 156 సార్లు.

ఒకప్పుడు ఈ యంత్రము దొరకడమే గగనము. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరములో డాక్టర్ స్క్రిబ్నర్ అనే ఆయన, ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడానికి మార్గము కనిపెట్టాడు. యంత్రాలు కొద్ది, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురిని కూర్చోబెట్టారు. ఆ ఏడుగురిలో ఒక పాదిరి గారు కూడా ఉన్నారు. ఉద్యోగము, పిల్లలు, చర్చికి వెళ్తాడా లేదా అన్నవి కూడా చూచారట! 1962లో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టినప్పుడు లోకము ఉలిక్కిపడింది. మన రాష్ట్రములో ఈ రోజు అలా ఎవరూ అడగరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకము క్రింద అర్హులకు డయాలసిస్ ఉచితము. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉన్నది. దానికి కాగితాలు కావాలి, సచివాలయము చుట్టూ తిరగాలి. సూదులు గుచ్చిన చేతితో ఆయన తిరుగుతాడా? సంఘములో చదువుకున్న యౌవనస్థులు ఉన్నారు గదా, ఒక పూట వెళ్లి రండి.

ఇప్పుడు కొంచెము గట్టిగా మాట్లాడాలి. ప్రార్థన చేశాము, స్వస్థత వచ్చింది, ఇక డయాలసిస్ మానెయ్యి అనే మాట కొన్ని చోట్ల వినబడుతోంది. సహోదరులారా, ఆ మాట చెప్పే అధికారము ఏ బోధకునికీ లేదు. మూత్రము రాని మనిషి డయాలసిస్ మానితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఇందుకు నెలలు పట్టదు, కొద్ది రోజులు చాలు. యెషయా 38వ అధ్యాయము తీసి చూడండి. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు పదునైదు సంవత్సరములు ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయములో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. ప్రార్థనా ఉన్నది, కట్టూ ఉన్నది. 1849లో మన గురజాలకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు, అంతకు రెండేళ్ల ముందే, యాభై దాటిన వయస్సులో, అమెరికాలో వైద్యపట్టా పుచ్చుకొని వచ్చిన మనిషి. ప్రార్థన ఒక్కటే చాలని ఆయన అనుకోలేదు. కిడ్నీ కోలుకుంటే రక్తపరీక్షలో కనబడుతుంది, అప్పుడు డాక్టరే ఆపమంటాడు. అంతవరకు ప్రార్థించి బస్సెక్కించండి.

రోగిని చూడబోయేవారికి ఒక మాట. మనము ప్రేమతో తీసికొనిపోయే కొబ్బరిబొండాము, అరటిపండ్లు, బత్తాయిలు వారికి విషముతో సమానము కాగలవు. వాటి నిండా పొటాషియమే. ఊరగాయలో ఉప్పు దాహము పుట్టిస్తుంది. త్రాగిన నీరు బయటకు పోయే దారి లేదు. రోజుకు ఎన్ని గ్లాసులు త్రాగాలో డాక్టరు కొలిచి చెబుతాడు. చాలా చోట్ల ఆదివారము యంత్రాలకు సెలవు గనుక, శనివారము చేయించుకొన్నవారు మంగళవారము దాకా ఆగాలి. ఆ మధ్య రోజులే వారికి కష్టమైనవి, మన ప్రేమవిందులేమో సరిగ్గా ఆదివారమే! వడ్డించేటప్పుడు బలవంతపెట్టవద్దు. ఉపవాస ప్రార్థనలో కూర్చోమని, ముగిశాక గ్లాసెడు రసము త్రాగమని అసలే చెప్పవద్దు. ప్రార్థించేటప్పుడు ఫిస్టులా ఉన్న చేతిని గట్టిగా పట్టుకొనవద్దు. ఆ చేయి వారి ప్రాణము.

ఆరోగ్యముగా ఉన్నవారు కూడా వినండి. షుగరు, బీపీ ఉన్నవారు ఏటా రక్తము, మూత్రము పరీక్ష చేయించుకొనండి. కోతకు వంగి నడుము నొప్పి అని, దుకాణములో మాత్రలు కొని నెలల తరబడి మింగకండి.

కిడ్నీ మార్పిడి చేయించుకొంటే ఈ యంత్రము నుండి చాలామందికి విడుదల దొరుకుతుంది. ఇంట్లో ఎవరైనా ఇవ్వాలి, లేదా మరణించినవారి అవయవాలకై 2013లో మన రాష్ట్రములో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసికొని వేచియుండాలి. కొనడము, అమ్మడము 1994 చట్టము ప్రకారము నేరము. 2000 ప్రాంతములో మన రెంటచింతల రైతులు అప్పులు తీర్చలేక కిడ్నీలు అమ్ముకొన్నారని పత్రికలు వ్రాశాయి. పల్నాడు ఆ మాట మరువకూడదు. మన దేశములో బ్రతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ, తల్లులు, భార్యలు. ఇచ్చేటప్పుడు ఆమె మనస్ఫూర్తిగా ఇస్తున్నదా అని పెద్దలు ఒంటరిగా అడిగి తెలిసికొనండి.

156 సార్లు అని చెప్పాను. భార్య ఒక్కతే అన్నిసార్లు వెళ్తే కూలి పోతుంది, పిల్లల బడి పోతుంది, చివరకు ఆమె ఒళ్లే పోతుంది. నలుగురు పంచుకొంటే మనిషికి 39. రాబోయే ఆదివారము ప్రకటనల సమయములో సంఘపెద్దలు లేచి, మంగళవారము ఎవరు వెళ్తారు, గురువారము ఎవరు, శనివారము ఎవరు అని అడగండి. బండి మీద బస్టాండు దాకా దింపేవారు ఒకరు, ప్రక్కన కూర్చొని కబుర్లు చెప్పేవారు ఒకరు, సాయంత్రము పిల్లలకు అన్నము పెట్టేవారు ఒకరు. వెళ్లేవారు వాక్యము ఎత్తి బోధించనక్కరలేదు. దుప్పటి సరిచేస్తే చాలు, ఆ గదిలో చలి ఎక్కువ.

ప్రార్థించుకొందాము. ప్రభువా, రేపు తెల్లవారుజామున చీకట్లో బస్సు కొరకు నిలుచున్నవారిని, సూది గుచ్చే నర్సుల చేతులను, ఇంటి దగ్గర ఎదురుచూచే పిల్లలను కాపాడుము. ఆమేన్.