పుండు మీద ఈగ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నేను 1985 పదో తరగతి బ్యాచ్. బావి పక్క గదిలో, కిటికీ దగ్గర బెంచీ.

నన్ను విద్యుత్ రంగంలో ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా హైటెన్షన్ లైన్లు వేయడమే నా పని కాబట్టి అడిగారు. ఆ సంగతులు పిల్లలకు నాకంటే ఫోనే బాగా చెబుతుంది. నేను చర్మంలోకి దూరే పురుగుల గురించి మాట్లాడతానన్నాను. మన కార్యదర్శి కాసేపు పలకలేదు. తర్వాత "భోజనాలకు ముందా, తర్వాతా?" అని అడిగాడు. ముందే అన్నాను. తర్వాతైతే సగం మంది నిద్రపోతారు.

నేను డాక్టర్ని కాను. ఈ కాగితాన్ని నా పక్క బెంచీ మిత్రుడు, ఇప్పుడు చర్మవ్యాధుల వైద్యుడు, చదివి దిద్దాడు. మందుల విషయంలో ఏదైనా సరిగ్గా ఉంటే అది అతని పుణ్యం.

ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు, అదిగో ముందు వరుసలోనే ఉన్నారు, బోర్డు మీద ఈగ జీవితచక్రం వేశారు. గుడ్డు, డింభకం, ప్యూపా, ఈగ. 'డింభకం' అని రాయగానే వెనక బెంచీల్లోంచి పాతాళభైరవి మాంత్రికుడి గొంతు వినిపించింది. ఆ గొంతు నాదే మాస్టారూ. నలభై ఏళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను. ఆ డింభకం తర్వాత నాకు బాగానే బుద్ధి చెప్పింది.

2009లో జాంబియాలో, కిట్వే దగ్గర ఒక లైను పని మీద ఉన్నాను. వానాకాలం. మా గెస్ట్‌హౌస్‌లో పనిచేసే పెద్దావిడ ప్రతి బట్టకీ ఇస్త్రీ చేసేది. తువ్వాళ్లకి, దిండు గలీబులకి కూడా. ఇదేం చాదస్తం అనుకునేవాణ్ణి. లోబట్టలు ఇంకొకరి చేత ఉతికించుకోవడం మనకి అలవాటు లేదు కదా, అవి నేనే ఉతికి వరండాలో నీడన ఆరేసుకునేవాణ్ణి. ఇస్త్రీ ఊసే లేదు. పైగా కరెంటు సరిగ్గా ఉండేది కాదు. కరెంటు లైను వేయడానికి వెళ్లినవాడికే ఇస్త్రీపెట్టెకి కరెంటు లేదు!

సెలవు మీద ఇంటికి బయల్దేరేటప్పుడు నడుము చుట్టూ కొంచెం దురద. హైదరాబాద్ చేరిన నాలుగో రోజుకి ఆరు సెగ్గడ్డలు. ఒక పేరున్న ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరు షుగరు పరీక్ష చేయించారు, యాంటీబయాటిక్ రాశారు, మామిడిపండ్లు తగ్గించమన్నారు. ఎక్కణ్ణుంచి వచ్చావని అడగలేదు. నేనూ చెప్పలేదు. గడ్డలు తగ్గలేదు. రాత్రిళ్లు సూదితో పొడిచినట్టు ఉండేది. ఒకరోజు స్నానం చేసి అద్దంలో చూసుకుంటుంటే ఒక గడ్డ మధ్యలో ఏదో కదిలింది. ఆ క్షణం నా పరిస్థితి చెప్పను, భోజనాల వేళ దగ్గర పడుతోంది.

కిట్వేకి ఫోన్ చేశాను. ఆ పెద్దావిడ రెండు ప్రశ్నలే వేసింది. గడ్డ మధ్యలో చిన్న రంధ్రం ఉందా? ఇస్త్రీ చేయని బట్టలు కట్టుకున్నావా? తర్వాత చాలాసేపు నవ్వింది. దాన్ని అక్కడ పుట్సీ ఈగ అంటారు. పుస్తకాల్లో తుంబు ఈగ. సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా అంతా దాని రాజ్యం. మనిషి మీద వాలదు. నీడన ఆరేసిన తడిబట్టల మీదో, మలమూత్రాల వాసన ఉన్న మట్టిలోనో గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో డింభకాలు వస్తాయి. ఒంటి వెచ్చదనం తగిలితే నొప్పి తెలియకుండా చర్మంలోకి దూరతాయి. ఇస్త్రీ వేడికి గుడ్లు చస్తాయి. ఆవిడ చాదస్తం అదీ.

మామూలు సెగ్గడ్డకీ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. సెగ్గడ్డ పండి చీము పడుతుంది. దీనికి నడిమధ్య సూదిమొన రంధ్రం ఉంటుంది, అందులోంచి పల్చటి నీరో, రక్తం కలిసిన రసో ఊరుతూ ఉంటుంది. ఆ రంధ్రం పురుగు ఊపిరి తీసుకునే గొట్టం లాంటిది. తల లోపల, తోక పైకి, గాలి పీల్చేది తోకతో. అందుకే వైద్యం కూడా ఆ దారిలోనే ఉంది. వాసెలిన్ దట్టంగా రాసి రంధ్రం మూసేయాలి. గాలి ఆడక అది పైకి జరుగుతుంది. తోక కనపడగానే రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కితే జారి బయటికి వస్తుంది, లేదా డాక్టరు చిమటాతో తీస్తాడు. తొందరపడి ముందే పిండితే లోపల చిట్లి వాపు పెరుగుతుంది. నావి ఆరూ ఒక్క సాయంత్రంలో బయటపడ్డాయి. పుండు కడిగి మందు రాయడం, ధనుర్వాతం ఇంజక్షన్ వేయించుకోవడం మిగిలాయి. యాంటీబయాటిక్ ఎంత మింగినా పురుగు చావదు, పక్కన సూక్ష్మజీవులు చేరితే వాటికే అది పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకి కోస్టారికా, బెలీజ్ లాంటి చోట్లకి వెళ్తుంటారు. అక్కడ బాట్ ఫ్లై అని ఇంకో ఈగ ఉంది. అది తన గుడ్లని దోమకి అంటించి పంపిస్తుంది. దోమ కుట్టినచోట పురుగు దిగుతుంది. దాని ఒంటికి ముళ్లు ఉంటాయి కాబట్టి పిండితే రాదు, వాసెలిన్ ఒక్కదానితో అన్నిసార్లూ పని కాదు. మత్తు సూది వేసి చిన్న గాటుతో తీయడం మంచిది. తిరిగొచ్చాక మానని గడ్డ వస్తే, డాక్టరు అడగకపోయినా ఎక్కడ తిరిగామో మనమే చెప్పాలి. లైను ట్రిప్ అయితే మేం మొదట అడిగేది చివరిగా అక్కడ ఎవరు ఏం పని చేశారని. నా ఒంటి విషయంలో నాకే ఆ ప్రశ్న తట్టలేదు.

ఆఫ్రికా దాకా ఎందుకు, మన సైట్లలోనే ఇసుక కుప్ప ఉంటుంది. రాత్రి కుక్కలు, పిల్లులు అక్కడే కాలకృత్యాలు తీర్చుకుంటాయి. వాటి కొంకిపురుగుల డింభకాలు తడి ఇసుకలో ఉంటాయి. ఉత్త కాళ్లతో తొక్కినా, కూర్చున్నా చర్మంలోకి దూరతాయి. అది మనిషి పురుగు కాదు కాబట్టి లోపలికి వెళ్లే దారి తెలియక, చర్మం పైపొర కిందే వంకర టింకరగా తిరుగుతుంది. ఎర్రటి గీత, విపరీతమైన దురద. మా సైట్లో ఒక మేస్త్రీ కూతురి పాదం మీద చూశాను. తామర అనుకుని నెల రోజులుగా ట్యూబు రాస్తున్నారు. తామర గుండ్రంగా అంచు కట్టి పెరుగుతుంది. ఇది గీతలా నడుస్తుంది. అనుమానం ఉంటే రాత్రి గీత కొస దగ్గర బాల్‌పెన్నుతో గుర్తు పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో గీత ఆ గుర్తు దాటుతుంది. కొందరు కొసని కాలుస్తారు, ఐసు పెడతారు. పురుగు అప్పటికే గీతకి ముందు, మామూలుగా కనపడే చర్మం కింద ఉంటుంది, కాల్చినందుకు మచ్చ మిగులుతుంది. ఐవర్‌మెక్టిన్ ఒక మోతాదు, లేదా ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు మూడు రోజులు, సాధారణంగా సరిపోతుంది. అయితే గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. ఆ ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినందుకే 2015లో క్యాంప్‌బెల్, ఒమురాలకి నోబెల్ వచ్చింది. ఇప్పుడు మా సైట్లలో ఇసుక మీద టార్పాలిన్ కప్పకపోతే సూపర్‌వైజర్‌తో గొడవే.

ఇప్పటిదాకా చెప్పినవి నవ్వుకుంటూ చెప్పుకునేవి. అసలు ఈ విషయం ఎత్తుకున్నది మా నాన్న కోసం.

ఈ ఊళ్లో పెద్దవాళ్లకి నాన్న తెలుసు. 1996లో పొలం గట్టు దగ్గర మా బాబాయికీ ఆయనకీ తగాదా వచ్చింది. బాబాయి నడివీధిలో నిలబడి "పురుగులు పడి పోతావు" అన్నాడు. మన భాషలో అంతకంటే పెద్ద శాపం లేదు. తర్వాత ఇరవై ఏళ్లు రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

2016 నాటికి నాన్నకి 74 ఏళ్లు, పదిహేనేళ్ల నాటి షుగరు. చెప్పు కరిచి కుడికాలి వేళ్ల దగ్గర పుండు పడింది. షుగరుతో స్పర్శ పోయింది కాబట్టి నొప్పి తెలియలేదు. కట్టు కట్టించుకునేవారు, అది తడిసి జారిపోయేది, మధ్యాహ్నం అరుగు మీద పడుకునేవారు. ఆదివారం ఆదివారం నేను వీడియో కాల్ చేసేవాణ్ణి. ముఖం చూసేవాణ్ణి. "బాగున్నా" అనేవారు. బాగానే కనపడేవారు. కాలు చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు.

అమ్మ ఒకరోజు కట్టు విప్పితే తెల్లగా కదిలాయి. ఎవరికీ చెప్పలేదు. గేదె గిట్ట పుండుకి మా తాత సీతాఫలం ఆకు నూరి కట్టడం చూసింది కాబట్టి అదే కట్టింది. మర్నాడు కిరోసిన్ పోసింది. వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించింది. నా తమ్ముడి భార్య అనుమానపడి అడిగితే గది తలుపేసుకుంది. మూడో రోజు నాన్నకి చలిజ్వరం వస్తే గానీ బయటపడలేదు. తర్వాత నేను అడిగాను, ఎందుకు చెప్పలేదమ్మా అని.

"ఎవరికి చెప్పమంటావురా? మీ నాన్న ఎవరి ఉసురు పోసుకున్నాడని అడగరూ? అడక్కపోయినా, అందరికీ తెలిసిందే కదా" అంది.

ఇరవై ఏళ్లు ఆ మాట ఆమె చెవిలోనే ఉంది.

తర్వాత నేను చదివి, అడిగి తెలుసుకున్నది ఇది. దీన్ని వైద్యంలో మయాసిస్ అంటారు, గ్రీకులో 'మయా' అంటే ఈగ. మన దేశంలో పుండ్లలో పడే పురుగుల్లో ముఖ్యమైనది క్రైసోమియా బెజ్జియానా అనే ఈగది. మామూలు ఈగలు కుళ్లిన కండ కోసం వస్తాయి. ఇది బతికున్న ఒంటి మీద పుండునే వెతుక్కుంటుంది. పుండు అంచున వందకి పైగా గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో అవి పగులుతాయి. పురుగులు తల కిందికి పెట్టి మరమేకులా కండలోకి తొలుచుకుంటాయి. వారం లోపు ఎదిగి, రాలి మట్టిలో పడతాయి. అంటే, శాపానికి ఇరవై ఏళ్లు పట్టిందని అమ్మ లెక్క. అసలు లెక్క ఒక మధ్యాహ్నం, జారిన కట్టు, ఒక ఈగ.

ఆస్పత్రిలో డాక్టరు పుండు అంచుల్లో టర్పెంటైన్ నూనె చుక్కలు వేశాడు. ఆ ఘాటుకి ఊపిరాడక అవి పైకి వచ్చాయి. చిమటాతో ఒక్కొక్కటీ ఏరాడు. మొదటి రోజు 30 దాకా వచ్చాయి. సెలైన్‌తో కడిగి, చచ్చిన కండ తీసేశాడు. మర్నాడు మళ్లీ చూశాడు, ఇంకో తొమ్మిది. మూడో రోజు రెండు. ఒక్కసారి ఏరితే అయిపోయిందనుకోకూడదు, ఎంత లోతున దాక్కున్నాయో పైకి తెలియదు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు, ధనుర్వాతం సూది, ఎముక దాకా వెళ్లిందేమోనని ఎక్స్‌రే, షుగరుకి ఇన్సులిన్. ఇంట్లో ఆ నూనె, కిరోసిన్, ఫినాయిల్ పోయొద్దని మరీ మరీ చెప్పాడు. పురుగుతో పాటు మంచి కండా కాలుతుందట. ముక్కులో, చెవిలో పడితే ఇంకా ప్రమాదం, వెంటనే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. నాన్న రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. మూడు రోజులు ముందు వచ్చి ఉంటే అవి మిగిలేవేమో అన్నాడు.

ఇక్కడ ఒకరు లేచి, విదేశాల్లో పురుగులతో పుండు మాన్పుతారట కదా అని అడుగుతారు. నిజమే. 2004లో అమెరికా ప్రభుత్వం వాటిని వైద్య పరికరంగా అనుమతించింది కూడా. పురుగుని పరికరం అన్నందుకు ఇంజనీరుగా నాకు కాస్త గర్వంగానే ఉంది. కానీ అవి వేరే జాతి, ప్రయోగశాలలో సూక్ష్మజీవులు లేకుండా పెంచినవి, చచ్చిన కండే తింటాయి. మన అరుగు మీద వాలే ఈగకి ఆ లైసెన్సు లేదు.

రెండో రోజు సాయంత్రం బాబాయి ఆస్పత్రికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. తన మాట తగిలిందనే ఆయన కూడా అనుకున్నాడు. డాక్టరు కుర్రవాడు, ఈ కథేమీ తెలియదు. ఎవరో బంధువు భయపడుతున్నాడనుకుని సీసాలో వేసిన పురుగుని తీసుకెళ్లి చూపించాడు. "ఈగ పిల్లే పెద్దాయనా, ఏమీ కాదు. దోమతెర కట్టి ఉంటే ఇదీ ఉండేది కాదు" అన్నాడు. బాబాయి ఆ సీసా చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వచ్చి మంచం కాళ్ల వైపు కూర్చున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మర్నాడు మాత్రం బాబాయి ఇంటి నుంచి క్యారేజీ వచ్చింది.

నాన్న ఇంకో అయిదేళ్లు బతికారు. గుండెపోటుతో పోయారు, కాలితో కాదు. ఆ అయిదేళ్లూ పగలు పడుకున్నా దోమతెర, పొడి కట్టు, రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవడం. ఆదివారం నేను కాల్ చేయగానే అమ్మ ఎవరినీ పలకరించకముందే ఫోను కిందికి తిప్పి కాలు చూపించేది. అరికాలు, వేళ్ల సందులు, మడమ, వరసగా. నాన్న వెనక నుంచి కేకలేసేవారు, "ముందు నా ముఖం చూడరా, నేనింకా ఉన్నాను" అని.

అన్నం చల్లారిపోతోందని మనవాళ్లు సైగ చేస్తున్నారు.